బొట్టు కింది మాట

సతీశ్ కంప్యూటరు కొన్నది పాటలు వినడానికి కాదు, ఉద్యోగానికి అంతకన్నా కాదు. విఠల్ పరువు బజారులో పెట్టడానికి కొన్నాడు. ఆ సంగతి జగిత్యాల టవర్ సర్కిల్ దగ్గర కంప్యూటర్ల షాపు నడిపే హరిప్రసాద్‌కు తెలియదు. అందుకని పాపం అలవాటు ప్రకారం అడిగాడు, గేములకా, ఫొటోలకా, టైపింగుకా అని.

"ఒకడు సదువాలె, నలుగురు సూడాలె. గంతే," అన్నాడు సతీశ్.

విఠల్ అంటే కోరుట్ల బస్టాండు ముందు గల్ఫ్ వీసాల ఆఫీసు పెట్టుకుని కూర్చున్న విఠల్. నుదుట సింధూరం, నోట్లో తేనె. ఆఫీసులో ఒక కంప్యూటరుంది. దాని మొహం ఎప్పుడూ విఠల్ వైపే ఉంటుంది, ఎదుట కూర్చున్నవాళ్లకు దాని వీపే దర్శనం. నాలుగేళ్ల కింద సతీశ్ కూడా ఆ వీపునే చూస్తూ గంటలకొద్దీ కూర్చున్నాడు. మల్యాల పక్క పల్లెలో కల్లు గీసే సమ్మయ్య కొడుకతను. ఐటీఐ చదివి ఖాళీగా తిరుగుతుంటే, షార్జాలో ఎలక్ట్రానిక్ షాపులో పని, కంపెనీ వీసా, ఏసీలో కూర్చోవడమే అని విఠల్ ఆశ పెట్టాడు.

విఠల్‌కు ఒక ఆచారముంది. పోయేవాళ్లను మంగళవారం జీపెక్కించి కొండగట్టుకు తీసుకుపోతాడు. వీసా కాగితాలు దేవుడి ముందు పెట్టించి, ఒక్కొక్క కాగితానికీ తన బొటనవేలితో తడి పసుపు దిట్టంగా అద్ది, దాని మీద కుంకుమ బొట్టు పెట్టి, మడిచి చేతిలో పెడతాడు. విమానాశ్రయం దాకా విప్పవద్దంటాడు. అక్కడ తడిగుడ్డతో తుడిచి కౌంటరులో ఇవ్వాలి. ఎంత భక్తో చూడండి! సతీశ్ ఆనాడు అడగనే అడిగాడు, "అన్నా, ఒక్కపారి సదివి సెప్పు," అని. విఠల్ నవ్వాడు. "దేవుని దగ్గర పెట్టిన కాగితం కండ్లకద్దుకోవాలె తమ్మీ, సదువద్దు." జీపులో ఉన్నవాళ్లందరూ నవ్వారు. సతీశ్ సిగ్గుపడి కళ్ళకద్దుకున్నాడు.

విమానాశ్రయంలో పసుపు తుడిస్తే, దాని కింద 'విజిట్' అన్న మాట బయటపడింది. ఊరు చూసి రమ్మనే వీసా, నెల రోజులది. పని చేస్తే జైలే. అప్పుడైనా వెనక్కి తిరగవచ్చు కదా అంటారు మీరు. మెడలో దండలింకా వాడలేదు. తల్లి రాధమ్మ ఊరందరికీ బెల్లం పంచింది. ఏ మొహం పెట్టుకుని తిరిగి పోతాడు? తెలిసే విమానమెక్కాడు. ఈ ఒక్క ముక్క అతను ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోలేనిది కడుపులో ఉంటే కోపం ఇంకా ఎక్కువ మండుతుంది.

షార్జాలో దొరికిన పని, తుక్కు షెడ్డులో పాత కంప్యూటర్లు విప్పడం. పోలీసుల కంట పడకుండా నాలుగేళ్లు అందులోనే దాక్కున్నాడు. తల్లి పోయిందని ఫోను వచ్చినప్పుడు చేతిలో స్క్రూడ్రైవరుంది. తలకొరివి పెట్టాల్సిన కొడుకు సముద్రం అవతలి ఒడ్డున తుక్కు మధ్య కూర్చుని ఏడ్చాడు. ఆమె చివరిదాకా కొడుకు ఏసీలో ఉన్నాడనే అనుకుంది. రెండువేల పద్దెనిమిదిలో అక్కడి సర్కారు క్షమాభిక్ష పెడితే, దేశం వదిలిపొమ్మనే ఔట్‌పాసు పట్టుకుని ఇంటికొచ్చాడు. వచ్చీ రాగానే విఠల్ దగ్గరికి పోయాడు. నీ నసీబు అట్లున్నది, మిగతావాళ్లు మంచిగానే ఉన్నారు కదా అని భుజం తట్టి విఠల్ టీ తెప్పించాడు. ఆ టీ సతీశ్ తాగాడు కూడా! తరువాత అదే తలుచుకుని పళ్ళు నూరుకున్నాడు.

ఇంతమాత్రం దానికి కంప్యూటరెందుకు, ఫోనులో చూస్తే వీసా సంగతి తెలియదా అంటే, తెలుస్తుంది. సతీశ్ ముందు అదే చేశాడు. కథలాపూర్ నుంచి వచ్చిన ఒకాయనకు ఆ దేశం వెబ్‌సైటు తీసి, నంబరు కొట్టి, ఇది పని వీసా కాదురా నాయనా అని ఫోనులో చూపించాడు. అతను పోయి విఠల్‌ను నిలదీశాడు. విఠల్ ఏం చేశాడు? పొరపాటైందని ఆ ఒక్కడి కాగితం మార్చి ఇచ్చి, షార్జా ఎండకు సతీశ్‌కు తల తిరిగిందని ఊరంతా చెప్పుకున్నాడు. ఒక్కొక్కడికి చెవిలో చెబితే విఠల్ వెంట్రుక కూడా ఊడదని సతీశ్‌కు అప్పుడు అర్థమైంది.

అందుకే ఇప్పుడు హరిప్రసాద్ షాపులో ఆ బేరం. మిగతావాళ్లు వస్తే ప్రాసెసరుతో మొదలుపెడతారు. సతీశ్ తెరతో మొదలుపెట్టాడు. ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దది, ముప్పై రెండు అంగుళాలది కావాలన్నాడు. దానికి తగ్గ ప్రాసెసరు పెట్టుకొమ్మని హరిప్రసాద్ చెబితే, అక్కరలేదు, అన్నిటికన్నా చిన్నది ఇవ్వమన్నాడు. గ్రాఫిక్స్ కార్డు వద్దన్నాడు. రంగుల లైట్లు వెలిగే అద్దాల డబ్బా చూపిస్తే, ఇదేమన్నా పెండ్లి పందిరా అన్నాడు. లోపలి భాగాలకు కరెంటు పంచే పెట్టె దగ్గర మాత్రం చాలాసేపు ఆగాడు. నాలుగు పెట్టెలు ఒక్కొక్కటే అరచేతిలో పెట్టి తూచాడు. తుక్కు షెడ్డుకు వచ్చిన కంప్యూటర్లలో సగం ఈ పెట్టె తేలికదై చచ్చినవేనని అతనికి తెలుసు. ఏది బతుకుతుందో చెప్పలేడు గానీ, ఏది ఎందుకు చస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. బరువైనది తీసుకున్నాడు. మదర్‌బోర్డును వెలుగుకు పట్టి, దాని మీది చిన్న చిన్న డబ్బాల నెత్తులు ఉబ్బలేదని చూసి తీసుకున్నాడు. చివరికి, కరెంటు పోతే ఆదుకునే యూపీఎస్. చిన్నది చాలని హరిప్రసాద్ అంటే, కోరుట్ల బస్టాండు కరెంటు మీకు తెలియదు, పెద్దది ఇవ్వండి అన్నాడు. నాలుగేళ్ల చెమట అంతా ఆ అట్టపెట్టెల్లోకి పోయింది. ఒక్క రూపాయి బేరమాడలేదు.

విఠల్ ఆఫీసుకు సరిగ్గా ఎదురుగా మూతపడిన పాన్ డబ్బా ఒకటి కిరాయికి తీసుకున్నాడు. సోమవారం పొద్దున్నే అన్నీ బిగించి మీట నొక్కాడు. ఫ్యాను తిరిగింది, తెర మీద మాత్రం ఏమీ రాలేదు. విప్పాడు, బిగించాడు, మళ్ళీ విప్పాడు. మధ్యాహ్నమైంది. చెమటలు కారిపోతున్నాయి. వేల కంప్యూటర్లు విప్పినవాడికి ఒక్కటి కట్టడం రాకపోవడమేమిటని తనను తాను తిట్టుకున్నాడు. కారణముంది. షెడ్డులో రాగి కోసం వైర్లన్నీ ముందే కోసేసి, మిగిలిన మొండేన్నే అతని ముందు పడేసేవారు. ఏ వైరు ఎక్కడికి పోతుందో అతను ఎన్నడూ చూడలేదు. సిగ్గు చంపుకుని హరిప్రసాద్‌కు ఫోను చేస్తే, ప్రాసెసరు పక్కన ఇంకో చిన్న వైరు గుచ్చాలి, గుచ్చావా అని అడిగాడు. గుచ్చలేదు. గుచ్చగానే తెర భగ్గున వెలిగింది. సతీశ్ దాన్ని ఎత్తి, మొహం రోడ్డు వైపు తిప్పి పెట్టాడు.

ఒక సంగతి మిగిలింది, చెప్పక తప్పదు. పది రోజుల కింద అక్క లత వచ్చింది. కోరుట్లలోనే ఉంటుంది, బావ అజయ్ మేస్త్రీ పని చేస్తాడు. బావకు విఠల్ వీసా ఇస్తున్నాడట. నెంబరు చీటీ కొంగున కట్టుకొచ్చి, "నువ్వు సూసొచ్చినోనివి గదరా తమ్మీ, గిది మంచిదేనా?" అని అడిగింది. ఒక్క నిమిషం పని. కానీ అక్కకు ముందే చెబితే విఠల్ ఆ ఒక్కటీ మార్చేస్తాడు, మళ్ళీ తప్పించుకుంటాడు. సతీశ్ చీటీ విప్పలేదు. "మంగళారం సూద్దాం అక్కా," అన్నాడు. ఆమె నమ్మి పోయింది.

మంగళవారం మధ్యాహ్నం కొండగట్టు నుంచి జీపు వచ్చింది. ఎనిమిది మంది దిగారు, మెడలో దండలు, చేతుల్లో మడిచిన కాగితాలు. ఇళ్లవాళ్లు ఎదురొచ్చారు, లత కూడా వచ్చింది. వీసా ఊరికే చదివి చెప్పబడును అని పాన్ డబ్బాకు కట్టిన బోర్డు చూసి జనం మూగారు. విఠల్ కూడా నవ్వుతూ వచ్చాడు, వాడికి భయమేమిటి!

"బావా, ముందుగాల నీది ఇయ్యి," అన్నాడు సతీశ్.

అజయ్ లత వైపు చూశాడు. లత తల ఊపింది. సతీశ్ నెంబరు కొట్టాడు. బస్టాండంతా చూస్తుండగా తెర మీద అజయ్ పేరు వచ్చింది, కింద వీసా రకం వచ్చింది. ఎంప్లాయ్‌మెంట్. పనిచేసుకునే వీసా, రెండేళ్లది, కంపెనీ పేరుతో సహా. నిఖార్సయినది.

సతీశ్ ఆ మాటను రెండోసారి చదివాడు. విఠల్ నెమ్మదిగా జనం వైపు తిరిగాడు. సతీశ్ బావ అని తెలిసే మంచి వీసా చూసి ఇచ్చానని, అయినా వీడు కళ్ళలో నిప్పులు పోసుకున్నాడని, ఇదీ మంచికి పోతే దక్కే ఫలమని చెప్పుకొచ్చాడు. ఎవరో నవ్వారు. జీపులో వినిపించిన నవ్వు లాంటిదే అది. సతీశ్ తల దించుకున్నాడు. దించితే బావ కాగితం కనిపించింది.

బొట్టు పైన ఉంది. మూలకు, ఫొటో పక్కన. వీసా రకం రాసిన వరుస మీద పసుపు చుక్క కూడా పడలేదు. మంచి మాటను ఎవడు దాచుకుంటాడు! సతీశ్ జేబులోంచి నాలుగేళ్లుగా మోస్తున్న తన కాగితం తీశాడు. దాని మీద పసుపు మరక సరిగ్గా నడుమ ఉంది.

"బొట్టు నడుమల ఉన్నోళ్లు ముందటికి రాండ్రి," అన్నాడు.

ఏడుగురు కాగితాలు విప్పారు. ఏడూ నడుమనే. విఠల్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

సతీశ్ మొదటివాడి నెంబరు కొట్టాడు. అరచేయంత అక్షరాలు తెర మీదికి వచ్చాయి. కానీ అతను చదవలేదు, పక్కకు జరిగాడు. చదువు విఠలన్నా అన్నాడు. విఠల్ వెబ్‌సైటు తప్పన్నాడు, నెట్టు బాగాలేదన్నాడు. అంతలో కరెంటు పోయింది. పక్క హోటల్లో ఫ్యాను ఆగింది, విఠల్ ఊపిరి పీల్చుకున్నాడు. యూపీఎస్ కీచుమని అరిచింది గానీ తెర మాత్రం రెప్ప వేయలేదు. మొదటివాడి తల్లి అంజవ్వ, కోనరావుపేట నుంచి వచ్చిన ముసలమ్మ, విఠల్ చెయ్యి పట్టుకుంది.

"సదువు కొడుకా. నాకు సదువు రాదు."

ఆమె కోపంతో అనలేదు, నిజంగానే అడిగింది. విఠల్ చుట్టూ చూశాడు. పోవడానికి దారి లేదు. "విజిట్," అన్నాడు, దోమ పాడినట్టు. ఏడుగురివీ చదివించాడు సతీశ్. ఏడుసార్లూ అదే మాట. ఆఖరున తన కాగితం విఠల్ చేతిలో పెట్టాడు.

"గిది గట్టిగ సదువు. మా అవ్వకు ఇనవడాలె."

విఠల్ చదివాడు. బస్సులు ఎక్కేవాళ్లు కూడా ఆగి విన్నారు. తరువాత ఏమైందో చెప్పాలా? విఠల్ దగ్గరున్న తమ పాస్‌పోర్టులు గుంజుకున్నారు, ఆఫీసు బల్ల బోర్లా పడింది, విఠల్ చొక్కా చిరిగింది. సాయంత్రానికి షట్టరు దిగింది. సతీశ్ హోటల్లో కూర్చుని చక్కెర ఎక్కువేయించుకుని టీ తాగాడు. నాలుగేళ్లలో దేనికీ అంత రుచి తగల్లేదు.

లత అక్కడికే వచ్చింది. కూర్చోలేదు.

"మీ బావది దొంగదే అనుకున్నవు గదా?"

"అవునక్కా."

"అనుకొని పది రోజులు ఊకున్నవ్. అందరి ముందట మీ బావనే ముందుగాల నిలవెట్టినవ్. విఠల్ బొట్టు కింద దాసిండు, నువ్వు నోట్లె దాసినవ్."

సతీశ్ నోరు తెరిచాడు. విమానాశ్రయంలో పసుపు తుడిచి చూసి కూడా నోరు మూసుకున్న సంగతి అక్కకు తెలియదు. ఇప్పుడు చెప్పినా వినేందుకు ఆమె అక్కడ లేదు, అప్పటికే రోడ్డు దాటిపోయింది.

గురువారం అజయ్ ప్రయాణం. ఎన్ని గంటలకో సతీశ్‌కు ఎవరూ చెప్పలేదు. పాన్ డబ్బా ముందు అప్పటికే ఇరవై మంది లైను కట్టి ఉన్నారు. మెట్‌పల్లి నుంచి వచ్చిన ఒకాయన కాగితం చదువుతుంటే హైదరాబాదు బస్సు బస్టాండులోంచి బయటికి తిరిగింది. కిటికీ పక్కన బావ, బావ పక్కన అక్క. సతీశ్ చెయ్యి ఎత్తాడు. లత పెద్ద తెర వైపు చూసింది, అతని వైపు చూడలేదు. బస్సు పోయింది. లైనులో ఉన్నాయన, "ఏమున్నది తమ్మీ, సదువు," అన్నాడు. సతీశ్ చదివాడు.