ఆనందమ్మ జాగా

కూరగాయల మార్కెట్ మూల మీద ఆనందమ్మ మళ్లీ కూర్చుంది. కూర్చున్నట్టు కనబడకూడదు కాబట్టి, మోరీలో చిక్కుకున్న ప్లాస్టిక్ కవరును గీకుతున్నట్టు చెయ్యి ఆడిస్తోంది. ఊపిరి సగం దాకా వచ్చి గొంతులోనే ఆగిపోతోంది. కాళ్లు వాచి చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగబడ్డాయి. కవరు ఎప్పుడో ఊడి వచ్చింది. అయినా గీకుతూనే ఉంది, జవాను ఓంప్రకాశ్ మోటార్‌సైకిల్ చప్పుడు దగ్గర్లోనే వినబడుతోంది మరి.

హుజూరాబాద్‌లో వీధులూడ్చేవాళ్ల మీద అజమాయిషీ చేసే మనిషిని జవాను అంటారు. ఓంప్రకాశ్ చెడ్డవాడైతే ఆనందమ్మకు ఇంత బాధ లేకపోయేది. మంచివాడు కావడమే వచ్చిన చిక్కు. మొన్న ఆమె దగ్గు చూసి, చాతకాకపోతే ఒక్క మాట చెప్పమన్నాడు. అదే రోజు, ఆమె బదులు ఆ పనిలో బిడ్డ మహిమ పేరు పెట్టిస్తానన్నాడు. ఆమె జాగా బయటివాళ్లకు పోనివ్వనని నలుగురిలో మాటిచ్చాడు. తోటివాళ్లంతా ఎంత అదృష్టమే అన్నారు. ఆ అదృష్టం తలుచుకుంటే ఆనందమ్మకు ముద్ద దిగడం లేదు.

ఆ జాగా ఎట్లా చేతులు మారుతుందో ఆమెకు తెలియనిదా! మోరీలు తీసీ తీసీ, కామెర్లొచ్చి భర్త దేవసహాయం పోయాడు. మట్టిచేసి వచ్చిన వారంలోనే చీపురు తెచ్చి ఈమె చేతిలో పెట్టారు. వేరే పని దొరికేదాకా అన్నారు. పెట్టినవాళ్లూ మంచివాళ్లే. అప్పుడు చంకలో ఉన్న మహిమ ఇప్పుడు కరీంనగర్‌లో నర్సింగు ఆఖరి ఏడు చదువుతోంది. ఆనందమ్మకు ఆ వేరే పని మాత్రం ఇంకా దొరకనే లేదు.

చెత్త ఎత్తుకుపోయే టిప్పర్ బండి పాట పాడుకుంటూ వచ్చింది. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అని పొద్దస్తమానం అదే పాట. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు, ఈ ఊళ్లో చెప్పే పాటే లోకువైపోయింది. ఇల్లాళ్లు గడప దిగి వచ్చి, పాసిపోయిన అన్నమూ, పిల్లల డైపర్లూ, పగిలిన గ్లాసూ కలిపి ఒకే డబ్బాలో తెచ్చి ఇచ్చి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోతారు. అదంతా చేత్తో విడదీసేది ఆనందమ్మ, ఆమె జోడీ బుచ్చవ్వ. గాజుపెంకులకు గ్లౌజులు ఎన్నాళ్లాగుతాయి!

బుచ్చవ్వ ఏమీ చూడనట్టే ఉండి బరువైన బుట్టలన్నీ తానే ఎత్తుతోంది. ఆమె ఇంట్లోనూ సుఖం లేదు. కోడలు మంజుల బీడీలు చుడుతుంది, నెలలో సగం రోజులు ఆకు రాదు. కోడలికి ఎక్కడైనా ఒక చీపురు ఇప్పించమని బుచ్చవ్వ ఎంతమంది కాళ్లు పట్టుకుందో లెక్కలేదు. ఆనందమ్మకు పీడకలగా ఉన్నది ఆమెకు వరంలా కనబడుతోంది. ఈ సంగతి ఇన్నాళ్లూ తనకెందుకు తట్టలేదా అని, డైపరును డబ్బాలోంచి లాగుతూ లాగుతూ ఆనందమ్మ ఆగిపోయింది.

చాయ్ హోటల్ ముందు ఓంప్రకాశ్ కనబడగానే ఇక ఆలోచించలేదు, నేరుగా పోయింది.

"సారూ, నా జాగల మంజులను పెట్టు."

ఓంప్రకాశ్ గ్లాసు కింద పెట్టాడు. పైవాళ్లు ఒకసారి వేరేవాళ్లకిస్తే ఆ జాగా మళ్లీ ఇంటికి రాదని నచ్చజెప్పాడు. చదువైపోగానే పిల్లకు నౌకరీ వస్తుందని ఎవరు చెప్పారని అడిగాడు. ఉన్నది వదులుకుని రేపు తల్లీబిడ్డలు ఏం తింటారన్నాడు. అతను చెప్పిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఆనందమ్మ వెనక్కి తగ్గలేదు.

"ఆకలైతే ఎవలన్న ఇంత బువ్వ పెడ్తరు సారూ," అంది. "చీపురు ఒక్కసారి చేతికొచ్చిందంటే, మల్ల ఎవలు గుంజుకపోరు."

ఓంప్రకాశ్ ఆమె కాళ్ల వాపు వైపు చూశాడు. తర్వాత పక్కకు పోయి ఫోన్లో మాట్లాడి వచ్చాడు. మంజులను రేపటి నుంచి రమ్మన్నాడు. అది విని బుచ్చవ్వ పరుగున వచ్చి ఆనందమ్మ చెయ్యి పట్టుకుంది, ఆ చేతికున్న మురికి ఇద్దరికీ అంటింది.

ఇక దాచాల్సిందేమీ లేదు. ఆనందమ్మ మార్కెట్ అరుగు మీద, అందరికీ కనబడేటట్టు, కాళ్లు బారజాపి స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఇన్నేళ్లలో పని వేళ అట్లా కూర్చోవడం అదే మొదలు.

"జరసేపు కూసుంట వదినె. నువ్వు పో," అంది.

బుచ్చవ్వ తన వంతూ ఆమె వంతూ ఊడ్చి వచ్చేసరికి ఆనందమ్మ తల స్తంభానికి ఒరిగి ఉంది. పెదవి మీద వాలిన ఈగను తోలుకోవడం లేదు.

మర్నాడు మెథడిస్టు సమాధుల దొడ్డికి తోటివాళ్లంతా పని దిగి అట్లాగే వచ్చి, తమ దగ్గర వాసన వస్తుందని వెనక నిలబడ్డారు. కబురందిన పూటే కరీంనగర్ నుంచి వచ్చిన మహిమ అప్పటిదాకా ఏడవలేదు. గుండె రాయి చేసుకుందని చర్చి ఆడవాళ్లు గుసగుసలాడారు. మట్టి వేయడం అయ్యాక ఆమె తిన్నగా ఓంప్రకాశ్ దగ్గరికి నడిచింది.

"సార్, నా పేరు పెట్టిండ్లా?"

"లే బిడ్డా. మీ అవ్వ పెట్టనియ్యలే. మంజులను పెట్టిపిచ్చింది."

మహిమ అక్కడే మట్టిలో కూలబడి గొల్లుమంది. బస్సులో వచ్చినంతసేపూ తల్లి పోయినందుకు కాక, ఆ చీపురు తన చేతికొస్తుందనే వణికిపోయింది. ఆ సిగ్గంతా ఇప్పుడు ఏడుపై తన్నుకొచ్చింది. ఆడవాళ్లు వీపు నిమిరారు.

సాయంత్రం మహిమ, అవ్వ పనిలో చీర మీద వేసుకునే మున్సిపాలిటీ జాకెట్ తిరిగి ఇవ్వాలా అని ఓంప్రకాశ్‌ను అడిగింది. అక్కర్లేదు, కొత్తగా వచ్చినవాళ్లకు కొత్తది ఇస్తారన్నాడు. మెడ దగ్గర చెమట ఉప్పు తెల్లగా చారలు కట్టిన ఆ నారింజరంగు జాకెట్, ఇంట్లో తలుపు వెనక మేకుకు అట్లాగే వేలాడుతోంది.