గాజుగిన్నె కింద నాలుగు

ఆకాశంలో మబ్బు తునక లేదు. వాతావరణ కేంద్రంలోని పరిశీలకురాలికి మాత్రం పొద్దున్నుంచీ కాలు ఒక చోట నిలవడం లేదు. బల్ల దగ్గర్నుంచి కిటికీకి, కిటికీ దగ్గర్నుంచి బల్లకి తిరుగుతూనే ఉంది.

కారణం రెండు అంకెలు. పైన ఓజోన్ ఎంత మందాన ఉందో చెప్పే యంత్రం నాలుగు రోజుల కిందట మూడువందల పది చూపించింది, ఇవాళ రెండువందల అరవై. ఓజోన్ పలచబడితే ఎండలోని అతినీలలోహిత కిరణాలు నేల మీదికి ఎక్కువ దిగాలి. ఆ కిరణాలను కొలిచే రెండో యంత్రం మేడ మీద ఉంటుంది. అది మూడు రోజుల కిందట ఒక్కసారిగా తగ్గి, అప్పట్నుంచీ నాలుగు దాటనంటోంది.

"పరదా పలచబడితే గదిలో చీకటి పెరగడమేమిటి?" అని గొణుక్కుంది.

"ముందు టీ తాగండి మేడమ్, చల్లారిపోతోంది" అన్నాడు అటెండరు. ఏ పనికైనా అరగంట ఆలస్యంగా వస్తాడు కనక అతన్ని ఆఫీసంతా గడియారం అని పిలుస్తారు.

టీ పక్కకి జరిపింది. పది గంటలకు కూతురి స్కూలు వ్యాయామ మాస్టారు ఫోన్ చేస్తే "నాలుగండీ" అని చెప్పేసింది. అంకె ఏడు దాటితే ఆటలు సాయంత్రానికి, దాటకపోతే పన్నెండింటికే. ఇవాళ పరుగుపందెం. కూతురు పరిగెత్తబోతోంది.

అదొక్కటే అయితే సరే. నిన్న సాయంత్రం ఆ పిల్ల ఎండలో పరుగు సాధన చేసొచ్చి, "అమ్మా, భుజాలు మండుతున్నాయి" అంది. తను తల కూడా ఎత్తకుండా, "నాలుగుకి అంత మండదు. సాకులు చెప్పకు" అనేసింది. ఎదురుగా ఉన్న భుజాలను వదిలేసి అంకెను నమ్మింది.

ఇక కూర్చోలేక పదకొండున్నరకి మేడెక్కింది. అక్కడ యంత్రం నెత్తిన ఒక గాజుగిన్నె బోర్లించి ఉంది, గాలికి పోకుండా పురికొసతో కట్టి మరీ.

"గడియారం!"

అతను ఈసారి పరిగెత్తుకొచ్చాడు. "పావురాలు మేడమ్! రోజూ దాని మీదే కూర్చుంటాయి. తుడవలేక చస్తున్నానని మా ఆవిడ గిన్నె తెచ్చి మూత పెట్టాను. గాజే కదా, వెలుగు దూరుతోందిగా?"

"కంటికి కనిపించే వెలుగు దూరుతుంది నాయనా. ఒళ్ళు కాల్చేది చాలావరకు గాజు దగ్గరే ఆగిపోతుంది. పైన ఓజోన్ చేయాల్సిన పని ఇక్కడ మీ ఆవిడ గిన్నె చేస్తోంది."

"అయితే గట్టి గిన్నే!" అన్నాడు కాస్త గర్వంగా.

"ఎన్నాళ్ళయింది?"

"మూడు రోజులు."

"అన్నీ ఆలస్యంగా చేసేవాడివి, ఇదొక్కటీ ఆలస్యం చేయలేకపోయావా?"

పురికొస తెంపి గిన్నె తీసింది. యంత్రం పక్కన పెట్టె మీది అంకె పైపైకి పాకి పదకొండు దగ్గర ఆగింది.

మాస్టారు ఫోనెత్తలేదు. స్కూటరు మీద వెళ్ళేసరికి పదిమంది ఆడపిల్లలు చేతుల్లేని బనియన్లతో గీత దగ్గర వంగి ఉన్నారు. ఈల మాస్టారి నోట్లోనే ఉంది.

"ఆపండి! నాలుగు కాదు, పదకొండు!"

"పొద్దున నాలుగన్నారు కదమ్మా?"

చుట్టూ తల్లులు, టీచర్లు. తప్పు యంత్రం మీదికి నెట్టేయచ్చు, గిన్నె మీదికి నెట్టేయచ్చు. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. "తప్పు నాదే. మూడు రోజులుగా తప్పు అంకె చెబుతున్నాను" అంది.

పందెం అయిదింటికి మారింది. కూతురు గుర్రుగా వచ్చి వరండాలో కూర్చుంది. భుజాలు కందిపోయి, బనియన్ పట్టీల కింద మాత్రం తెల్లగా రెండు చారలున్నాయి. తల్లి జేబురుమాలు తడిపి వేసింది. పిల్ల బుస్సుమంది.

"నాలుగుకి మండదన్నావుగా?"

"నిన్న నువ్వు చెప్పిందే సరైన కొలత. నేనే రాసుకోలేదు."

"అయితే ఇప్పుడు రాయి."

ఆఫీసుకి తిరిగొచ్చి రిజిస్టరులో మూడు రోజుల అంకెలూ కొట్టేసింది. పక్కన రాసింది: 'గాజుగిన్నె అడ్డు. ఈ అంకెలు చెల్లవు. భుజాలు కందాయి.' ఆఖరి మాట పైఅధికారికి అర్థం కాకపోవచ్చు. ఉంచేసింది.

గిన్నె ఇచ్చేయమని గడియారం రెండుసార్లు అడిగాడు, ఇవ్వలేదు. అయిదయ్యే లోపల పావురాలను తోలే వంకతో ఆమె మూడుసార్లు మేడెక్కింది. పొద్దు వాలేకొద్దీ అంకె దిగుతూనే ఉంది. అయినా వెళ్ళిన ప్రతిసారీ యంత్రం నెత్తిన చెయ్యి పెట్టి తడిమి చూసింది.