సారా కొట్టుకి ఎదురెళ్ళిన గుడి

కాంతమ్మ రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి గుడి కోసమని కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ చంకనెత్తుకుని, గుడి ఎక్కడుందో వెతుక్కుంటూ పోయేది. రేపల్లెలో వాళ్ళ పేటకున్న ఆ తాటాకు ఏసు గుడికి ఒకచోట నిలిచే అలవాటు లేదు. వానాకాలం మెరక మీదికి పోయేది. ఎవరింట్లోనైనా చావు జరిగితే ఆ గుమ్మం పక్కకొచ్చి నిలబడేది. పాస్టరు తోమాసయ్యగారి గొణుగుడల్లా, కదిలినప్పుడల్లా దీపంలో నూనె ఒలికిపోతోందనే.

కాంతమ్మ మొగుడు ముత్తయ్య రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. సంపాదనంతా సారాకే పోసేవాడు. లారీ మీంచి పడి కాలు విరిగాక మానేశాడు. బుద్ధొచ్చి కాదు లెండి. ఊరంతటికీ ఉన్న ఒక్క కొట్టు రైలు గేటు అవతలుంది, అంతదూరం నడవలేక. తెచ్చిపెడతామన్న స్నేహితుల్ని కాంతమ్మ చీపురు తిరగేసి తరిమింది. మళ్ళీ తాగితే మనిషి దక్కడని డాక్టరు చెప్పేశాడు మరి.

అవి సారా పాకెట్ల రోజులు. ఆ ఏడు పైవాళ్ళకి ఏం పోయేకాలం వచ్చిందో, ఊళ్ళో సారా కొట్ల లెక్క పెంచారు. వేలంలో ఒకటి పాడుకున్న నరసింహం సరిగ్గా పేట మొదట్లోనే షెడ్డు వేశాడు. గుడికీ బడికీ దగ్గర్లో కొట్టు ఉండకూడదని రూలుంది. ఇనస్పెక్టరు టేపు పట్టుకొచ్చి కొలిస్తే, గుడి అప్పుడు ఎక్కడో కాలవ గట్టు మీదుంది. శనివారం ఇంకోసారి చూసి లైసెన్సు చేతికిస్తానని చెప్పి వెళ్ళాడు.

కాంతమ్మ తిన్నగా గట్టు మీదికి పోయి, గుడి గుమ్మం ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నా మొగుడు నడవలేడు కాబట్టి బతికున్నాడు. నువ్వు నడవగలవు గదా, ఇక్కడ కూర్చుని ఏం చేస్తన్నావు?"

గుడి కదల్లేదు. ఆమె రోజూ వెళ్ళి అదే మాట అడిగింది.

శనివారం పొద్దున్నే ముత్తయ్య గడ్డం గీసుకుని ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. కొట్టు తెరిచే రోజు అదేనని కాంతమ్మకి తెలుసు. కర్ర పొడుచుకుంటూ అతను ముందు, వెనకాలే ఆమె. తీరా పేట మొదటికొచ్చేసరికి షెడ్డుకి ఎదురుగా గుడి నిలబడి ఉంది.

"నిన్న ఇది ఇక్కడ లేదండి," అని నరసింహం మొత్తుకుంటున్నాడు.

"ఇవాళ ఉంది గదండి," అని ఇనస్పెక్టరు టేపు చుట్టేసుకున్నాడు. మధ్యాహ్నానికల్లా నరసింహం మనుషులు షెడ్డు పీకేశారు.

కాంతమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ముత్తయ్య మాత్రం గుడి మెట్టు మీద కూలబడి రైలు గేటు వైపే చూస్తున్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"ఇంతదూరం నడిచానంటే గేటు అవతల కొట్టు దాకా కూడా పోగలనే, కాంతం. నాకు భయమేస్తంది. నన్ను పట్టుకో."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఆమెని అడిగిన సాయం అదే మొదటిది. కాంతమ్మ అతని రెక్క పట్టుకుని లేపింది. ఇంటికి చేరేదాకా వదల్లేదు.