లాగేటప్పుడు వదిలే ఊపిరి

పాపారావు నా దగ్గర రెండు లాగేసుకున్నాడు. ఒకటి గొంతు, రెండోది స్థలం. స్థలం సంగతి చివర్లో చెబుతాను. గొంతు తిరిగి దొరికింది గనక ముందు దాని గురించి.

పాపారావు నా భార్య వీరవేణికి అన్న. పెద్దవల అతనిది. ఆ వలను గోదావరిలో పడవ మీద చుట్టూ తిప్పి వేసి, రెండు కొసల తాళ్లూ పట్టుకుని అందరం కలిసి ఒడ్డుకు లాగుతాం. మా నాన్న రోజుల్లో ఒకరు “హైలెస్సా” అని అందుకుంటే, మిగతావాళ్లు అదే మాట అంటూ తాడు గుంజేవాళ్లు. అందుకునేది మా నాన్నే. ఆయన తర్వాత నేను.

చేతికి సెల్‌ఫోను వచ్చాక పాపారావు వల ఒడ్డుకు రాకముందే ఫోన్లో చేపలకి బేరాలాడడం మొదలుపెట్టాడు. “నోర్ముయ్యండ్రా, అవతలోడి మాట వినపడి చావట్లేదు” అనేవాడు. మూసుకున్నాం. పళ్లు బిగించి, ఊపిరి బిగబట్టి లాగడం అలవాటైపోయింది. ఊపిరి వదిలితే బలం కారిపోతుందని ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం కూడా.

పోయిన వేసవిలో అలా లాగుతూనే ఇసుకలో కూలిపోయాను. కళ్లు తెరిచేసరికి ఆసుపత్రి. గుండెకేం కాలేదుగానీ బీపీ బాగా పెరిగిపోయిందన్నాడు డాక్టరు. మాత్రలు రాసి, ఉప్పు తగ్గించమని, తను చెప్పేదాకా తాడు ముట్టుకోవద్దని పంపించాడు. ఆ ఖర్చుకి డబ్బిచ్చింది పాపారావే. ఊరికే ఇవ్వలేదు, మా నాన్న స్థలం రాయించుకుని ఇచ్చాడు. ఆ వారమే వలలో నా వాటా తీసేశాడు. వాటా లేనివాడు మా పేటలో ఉన్నా లేనట్టే.

వాటా మళ్లీ రావాలంటే ఒంట్లో సత్తువ రావాలి. నాకేమో రెండు వీధులు నడిస్తే ఆయాసం.

పక్కింటి జోసెఫిన్ గారి కూతురు స్టెల్లా బళ్లో పిల్లలచేత వ్యాయామం చేయించే టీచరు. ఓ సాయంత్రం మా అరుగు ముందు ఆగింది.

“బాబాయ్, చేతులు ఆన్చకుండా ఆ కుర్చీలోంచి లేవండి చూద్దాం.”

నవ్వొచ్చింది. ఆరో తరగతిలో బడి మానేసి తాడు పట్టినవాణ్ని, నాకు కుర్చీ ఒక లెక్కా? లేవబోయాను. తొడలు వణికాయి. మళ్లీ కూలబడ్డాను. అటుగా ఆటో తోలుకుంటూ పోతున్న మా పేట కుర్రాడు గోపి బ్రేకేశాడు.

“ఏం మామా, ఇన్నాళ్లకి కూచోడం నేర్చుకుంటన్నావా?”

“నువ్వు ముందు ఆటో దిగి నడవరా. పొట్ట హేండిల్‌కి తగులుతోంది!” అంది లోపల్నుంచి వీరవేణి.

డాక్టర్నడిగి మొదలుపెట్టాను. పొద్దున్నే గోదావరి గట్టు మీద నడక. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత వేగం ఉండాలి, అదీ స్టెల్లా చెప్పిన కొలత. సాయంత్రం కుర్చీ. కాళ్లు మెల్లగా మాట వినసాగాయి. కానీ లేచిన ప్రతిసారీ తల దిమ్మెక్కేది.

“మొహం కందిపోతోంది బాబాయ్. ఊపిరెక్కడ దాచారు?” అంది స్టెల్లా ఒకరోజు.

“బలం పోద్దని బిగబట్టానమ్మా.”

“బిగబడితేనే బీపీ పైకెగిరేది. కష్టపడే ఆ క్షణంలోనే వదిలెయ్యాలి. నోటితో ఏదో ఒకటి అంటూ లేవండి.”

ఏమనాలో తోచలేదు. నోట్లోంచి దానంతటదే వచ్చింది.

“హైలెస్సా!”

లేచి నిలబడ్డాను. తల దిమ్మెక్కలేదు. స్టెల్లా నవ్వుతోంది, నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. ఆ మాట అరవాలంటే ఊపిరి వదలక తప్పదు. అదీ గుంజే క్షణానికే. బడి మొహం చూడని మా నాన్న, ఆయన నాన్న, ఒక్క మాటతో ఒడ్డునున్న అందరి ఊపిరినీ నడిపారు. దాన్ని మేం ఉత్త కేక అనుకున్నాం. ఇంత పెద్ద సంగతి నా గొంతులోనే ఉంటే, దాన్ని ఫోను బేరానికి వదిలేసుకున్నాం.

కార్తీకంలో డాక్టరు సరేనన్నాడు. ఆ మర్నాడే పాపారావు వల ఆటుపోటుకి చిక్కి బిగుసుకుపోయింది. ఎంత లాగినా తాడు జానెడు రావడం లేదు. వెళ్లి చివర తాడు పట్టుకున్నాను.

“నువ్వొద్దు బావా, మళ్లీ పడిపోతే మొయ్యడానికి మనుషుల్లేరు” అన్నాడు పాపారావు, ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యకుండా.

మడమలు ఇసుకలో తొక్కిపెట్టి అందుకున్నాను. మొదటి కేకకి ఎవరూ పలకలేదు. రెండోదానికి ముందున్న ముసలి నాగసాయి పలికాడు. మూడోదానికి ఒడ్డంతా పలికింది. ఇన్ని ఛాతీలు ఒక్కసారిగా నిండి, ఒక్కసారిగా ఖాళీ అవుతుంటే తాడు నా అరచేతుల్లో ప్రాణమున్నదానిలా కదిలింది. నా మోకాళ్లు నిలబడ్డాయి. వల ఒడ్డెక్కింది, నిండా చేపలు.

పాపారావు ఎప్పుడు ఫోను కట్టేశాడో తెలీదు. దగ్గరికొచ్చి నా భుజం తట్టాడు.

“రేపట్నుంచి వాటాకి వచ్చెయ్ బావా. కేక నువ్వే అందుకో.”

“మరి నా స్థలం?”

“అది రిజిస్ట్రేషనైపోయింది గదా!”

ఊపిరి బిగబట్టలేదు. మెల్లగా వదిలి, వల మడత పెట్టడానికి వంగాను. ఆ స్థలం దరియాలతిప్పలో కాలవ పక్క, పదకొండున్నర సెంట్లు.