ఊడువు, రూపా!

ఇంట్లో ఏనాడూ చీపురు ముట్టని మా ఆయన నతానియేలు, ఈ చలిదేశపు రెజైనా నగరానికి వచ్చాక మంచు మీద ఊడవడానికి మాత్రం ఎగబడి వెళ్లేవారు. ఆ ఆటను కర్లింగ్ అంటారు. నున్నటి మంచు మీద ఒకరు బరువైన రాయిని తోస్తారు. అది మధ్యలో ఆగిపోకుండా మిగతావాళ్లు దాని ముందు ఊడ్చుకుంటూ పరుగెత్తుతారు. ఎప్పుడు ఊడవాలో అవతలి చివర నుంచి ఒకరు అరిచి చెప్పాలి. కొన్నాళ్లకే ఆ అరిచే పని ఈయనకిచ్చారు. అంత గొంతు మరి!

తర్వాత పార్కిన్సన్స్ వచ్చింది. ముందు చేయి వణికింది, తర్వాత అడుగు తడబడింది, ఇప్పుడు గొంతు. చర్చిలో మైకు లేకుండా వాక్యం చదివిన మనిషి హాల్లోంచి పిలిస్తే వంటగదిలో నాకు వినపడదు. ఇది పోయే జబ్బు కాదు, ఒళ్లు కదుపుతూ గట్టిగా మాట్లాడుతూ ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. పోయిన నెల మంచు మీద పడ్డాక ఈయన సోఫాకు అతుక్కుపోయారు. ఇలాగే ఉంటే ఇక లేవరేమోనని నాకు భయం పట్టుకుంది.

శనివారం ఆటకు ఒకరు తక్కువయ్యారని ఈయన జట్టులోని విశ్వనాథం గారు ఫోన్ చేశారు.

"నేనొస్తానండీ" అన్నాను.

"నువ్వా?" ఈయన పెదాలు కదిలాయి.

"మీరెటూ ఆడరుగా. నేను పడితే నవ్వడానికైనా రండి."

రింక్‌లో, అంటే ఆ మంచు మైదానంలో, అవతలి చివర కుర్చీ వేసి ఈయన్ని కూర్చోబెట్టాను. విశ్వనాథం గారు రాయి తోశారు. నేను వాకిలి ఊడ్చినట్టు తీరిగ్గా ఊడుస్తున్నాను. రాయి నెమ్మదించింది. అవతల ఈయన కుర్చీలోంచి సగం లేచి ఏదో అంటున్నారు.

"వినపడట్లేదండీ!"

ఈయన కుర్చీ వదిలేసి నిటారుగా నిలబడ్డారు.

"ఊడువు రూపా! గట్టిగా! ఊడువు!"

రింక్‌లో అందరూ తిరిగి చూశారు. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఊడ్చాను. ఇన్నేళ్ల కాపురంలో ఈయన నన్ను ఊడవమని హుకుం జారీచేసి తిట్లు తినకుండా బయటపడింది ఆ ఒక్కసారే. రాయి దాటాల్సిన గీత కూడా దాటలేదట. ఎవరు చూడొచ్చారు!

ఇంటికి రాగానే సోఫా వైపు నడవబోయారు. అడ్డం వెళ్లి చీపురు చేతిలో పెట్టాను.

"ఇప్పుడు మీ వంతు."

నేను వంటగదిలోకి వెళ్లి కాఫీ పెట్టాను. హాల్లో చీపురు చప్పుడు కాసేపు వినిపించి ఆగింది.

"మిగతా సగం రేపు ఊడుస్తా!"

పాలు పొంగుతున్నాయి, పొయ్యి పైన పొగ లాగే ఫ్యాను హోరుమంటోంది. అయినా వినపడింది.