డేరా కుట్టు

ముసలాయనకి మాటలు తక్కువ. బతుకంతా డేరాలు కుట్టే కార్ఖానాలో గడిచిపోయింది. అక్కడి మోతలో ఎవరేమన్నా వినపడదు కనక మాట్లాడే అలవాటే పోయింది.

కోడలు అందుకు పూర్తిగా ఎదురు. వీధి గదిలో బట్టలు కుట్టే కొట్టు పెట్టుకుని, నోరూ మిషనూ ఒకేసారి నడుపుతుంది. మొదటి కాన్పప్పుడు పచ్చి బాలింతగా ఉండగానే మిషనెక్కింది. ఎక్కకపోతే బేరాలు పోతాయని భయం. నడుము పట్టేసింది, పాలు ఎండిపోయాయి. మొగుడు లారీ మీద ఊళ్ళు తిరుగుతున్నాడు. ఇంట్లో ఉండి అదంతా చూసినవాడు ముసలాయనే.

రెండో కాన్పుకి కాలం కాస్త మారింది. ఉద్యోగాలు చేసేవాళ్ళకే కాదు, సొంత పని చేసుకుని బతికే తల్లులకీ ప్రసవ భత్యం ఇస్తామన్నారు ప్రభుత్వంవాళ్ళు. షరతు ఒక్కటే. భత్యం అందుకున్నన్నాళ్ళు తల్లి పని ముట్టుకోకూడదు. కొట్టు ఇంకెవరైనా నడపొచ్చు.

"ఎవరు నడుపుతారు? మూసేస్తే ఎదురుకొట్టు వాడు పండగ చేసుకుంటాడు," అంది కోడలు.

"నేను."

"మీరా మామయ్యా? మీకు డేరాలు తప్ప ఏం వచ్చు?"

"గుడ్డ గుడ్డే," అన్నాడు ముసలాయన.

అలా మిషను చేతులు మారింది. కోడలు చంటిదాన్ని పక్కలో వేసుకుని, తెర వెనక మంచం మీంచి ఎలా కుట్టాలో కేకలు వేసేది. అదీ పని కిందికే వస్తుందేమోనని ముసలాయనకి గుబులు పట్టుకుంది. భత్యం ఆఫీసుకి నడిచి వెళ్ళి మరీ అడిగాడు. అక్కడి అమ్మాయి నవ్వి, "నోటితో చెప్పనివ్వండి తాతగారూ, చేత్తో కుట్టకుండా చూడండి," అంది.

ఒకరోజు మధ్యాహ్నం తోపుడు బండి మీద పళ్ళమ్మే ఆవిడ విసురుగా వచ్చింది. నిండు చూలాలు. చేతిలో కొడుకు ప్యాంటు.

"బాబాయ్, ఇది ప్యాంటా, పెట్టెనా? తొడుక్కుంటే మావాడు కూర్చోలేకపోతున్నాడు. చూడు, వాడు లేకుండానే ఎలా నిలబడుతోందో!"

నేల మీద నిలబెట్టింది. నిజంగానే కాసేపు నిలబడింది. ముసలాయన ప్రతి అంచునీ రెండు మడతలు వేసి, లావు దారంతో రెండు వరసలు కుట్టాడు మరి.

"చుక్క నీరు దూరదు," అన్నాడు.

"మావాడు బడికెళ్తాడు బాబాయ్, వరదలో ఈదడు!"

తెర వెనక పకాలున నవ్వు వినపడింది. కోడలు పొట్ట పట్టుకుని ఇవతలికొచ్చింది. నవ్వుతూనే ప్యాంటు తిరగేసింది, నవ్వుతూనే బ్లేడు అందుకుంది.

"అమ్మాయ్, పెట్టు."

"చిటికెలో పని మామయ్యా. ఎవరు చూస్తారు?"

"నేను చూస్తున్నా."

"ఈవిడ పోయి చెప్పిందంటే వీధి వీధంతా ఎదురుకొట్టుకి పోతుంది!"

"పోతే పోనీ. బేరాలు మళ్ళీ వస్తాయి. నడుము రాదు. ఒకసారి చూశాను, చాలు."

ఆయన నోటి వెంట అన్ని మాటలు రావడం కోడలు ఎన్నడూ వినలేదు. బ్లేడు బల్ల మీద పెట్టేసింది.

"పని ముట్టుకోకూడదా? ఎందుకని?" అంది పళ్ళావిడ.

కోడలు భత్యం సంగతి చెప్పింది. పళ్ళావిడ చెయ్యి తన పొట్ట మీదికి పోయింది.

"బండి తోసుకునేదాన్ని, నాకూ ఇస్తారా వదినా?"

"నీదీ సొంత పనేగా? వెళ్ళి అడుగు. ఆ నాలుగు రోజులూ బండి మీ ఆయన తోస్తాడు."

"ఆయనా! పచ్చికాయకీ ముగ్గిన పండుకీ తేడా తెలీదు."

"మా మామయ్యకి ప్యాంటుకీ డేరాకీ తెలిసిందా?"

పళ్ళావిడ పకపకా నవ్వి బ్లేడు తీసుకుంది. "నువ్వెళ్ళి పడుకో, కుట్లు నేను విప్పుతా. కొట్టు మీది, కూలి నాది, బాగుంది వరస!"

ఆవిడ విప్పింది. ముసలాయన సన్న దారం ఎక్కించి తొక్కడం మొదలుపెట్టాడు. తెర వెనక నుంచి గొంతు వినపడుతోంది.

"ఒక్కటే మడత మామయ్యా... ఒక్కటే వరస... మోకాలు దాటాక కాస్త..."

ముసలాయన కాలు ఆపి ఎదురుచూశాడు. తరవాతి మాట రాలేదు. పళ్ళావిడ తెర తొలగించి చూసింది. తల్లీ బిడ్డా ఒకేలా నోళ్ళు తెరుచుకుని నిద్రపోతున్నారు.

"లేపనా?" అంది గుసగుసగా.

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. ప్యాంటు మిషను మీంచి తీసి, సూది అందుకుని, మిగిలిందంతా చేత్తో కుట్టాడు, చప్పుడు లేకుండా.

"ఆ ఆఫీసు ఎప్పుడు తెరుస్తారు బాబాయ్?"

"పొద్దున్నే రా. తీసుకెళ్తా," అన్నాడు దారం కొరుకుతూ.