ఒక ట్యాగు ఎక్కువ

"నీకు చేతనైన పనే కదా, ఇంట్లోనూ ఒకటి పెట్టెయ్" అన్నారు మా ఆయన, నేను సింకు దగ్గర గిన్నెలు తోముతుండగా. అంతకుముందు రోజు మా అత్తగారు మందుల షాపుకని బయలుదేరి, ఎటు తిరగాలో మర్చిపోయి, ఎక్కడో దూరాన బస్సు డిపోలో కూర్చుని దొరికారు. పని మధ్యలో సెలవడిగి, వీధివీధీ తిరిగి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది నేను. సాయంత్రం వచ్చి ఆయనన్న మొదటి మాట, "అమ్మ మీద ఓ కన్నేసి ఉంచమని ఎన్నిసార్లు చెప్పాను?" నా రెండు కళ్ళూ పగలంతా వర్క్‌షాపులో ఉంటాయని ఆయనకు తెలుసు. అయినా అన్నారు. నేను చేతుల సబ్బు కడుక్కుని, అలాగే పెడతానన్నాను.

నా పని రీడర్ బోర్డులు పరీక్షించడం. అరచేతిలో ఇమిడే పచ్చటి బోర్డు, దానికో పలకలాంటి యాంటెన్నా. వస్తువుకి కాగితమంత పల్చటి ట్యాగు అంటిస్తే చాలు, దగ్గరికి తెచ్చి చూపించక్కర్లేదు. గదికి ఆ చివరున్నా, మూటలో ఉన్నా, గుట్టగా పోసున్నా, అన్ని ట్యాగుల్నీ ఒక్క ఊపులో చదివేస్తుంది. గోదాముల వాళ్ళు గేట్ల దగ్గర పెట్టుకుంటారు, ఏ పెట్టె లోపలికొచ్చింది, ఏది బయటికెళ్ళింది తెలియడానికి. కొనేవాళ్ళొచ్చినప్పుడు దీని గురించి చెప్పేది మా యజమాని తమ్ముడు. టీలు అందించేది నేను. అతను నీళ్ళు నమిలినప్పుడు, కప్పు చేతికిస్తూ జవాబు కూడా అందించేది నేనే. ఇంట్లో మా ఆయన మా వర్క్‌షాపుని బొమ్మల షాపు అంటారు. "మా ఆవిడకి ఇంట్లో పొద్దుపోదు, అందుకే బొమ్మలతో ఆడుకోడానికి వెళ్తుంది" అని చుట్టాలతో చెప్పి నవ్విస్తారు. నేనూ నవ్వేదాన్ని. అందరూ నవ్వుతుంటే మొహం ముడుచుకుని కూర్చోవడానికి కూడా ఓపిక కావాలి.

అంచు గీసుకుపోయి అమ్మకానికి పనికిరాని బోర్డు ఒకటి, కొన్ని ట్యాగులూ యజమానినడిగి తెచ్చి, బోర్డుని వీధి గుమ్మం పైన బిగించాను. అత్తయ్య శాలువా లేకుండా బయట అడుగు పెట్టరు. ఆవిడ కునుకు తీస్తున్నప్పుడు శాలువాలన్నిటి అంచుల్లో ఒక్కో ట్యాగు పెట్టి కుట్టేశాను. ఆవిడ గుమ్మం దాటితే మా ఇద్దరి ఫోన్లకీ మెసేజ్ వస్తుంది. ఆరోజు మా ఆయన నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని మరీ చూశారు. "కొత్త ట్యాగు చేర్చాలంటే ఎలా? మెసేజ్ ఒక్క ఫోనుకే రావాలంటే?" అని అడిగారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా పని గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. నా గొంతులో ఎంత ఉత్సాహం పొంగిందో ఇప్పటికీ గుర్తుంది. దగ్గరుండి అన్నీ నేర్పించాను. మిగిలిన ట్యాగులు వాపసు ఇచ్చేస్తానంటే, "ఉండనీలే, పనికొస్తాయి" అన్నారు.

ఆ తర్వాత మా ఆయన మారారు. ఒకరోజు కడుపునొప్పి తట్టుకోలేక మధ్యాహ్నమే ఇంటికొచ్చి పడుకుని, కాస్త నెమ్మదించాక మళ్ళీ పనికి వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం అన్నం తింటూ ఆయన మామూలుగా అడిగారు. "మధ్యాహ్నం ఇంటికొచ్చినట్టున్నావ్, ఒంట్లో బాలేదా?"

"మీకెలా తెలిసింది?"

"నీ మొహం చూస్తే తెలీదా ఏంటి?"

చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది నాకు. ఎంగిలి కంచాలు తీస్తూ, గోడకున్న చిన్న అద్దంలో నా మొహం నేనే చూసుకున్నాను. ఈ మొహంలో ఒకళ్ళు చదవగలిగింది ఇంకా మిగిలుందా అనుకున్నాను. సిగ్గు కూడా వేసింది. ఇంకోరోజు, "ఇవాళ రావడం లేటయిందే, బస్సు దొరకలేదా?" మరోరోజు, "ఆదివారం నేను లేనప్పుడు ఎటైనా వెళ్ళావా?" అడిగిన ప్రతిదానికీ ఒకటికి నాలుగు మాటలు చేర్చి చెప్పాను. ఎదురుగా ఎవరు కలిశారో, దుకాణంలో ఎందుకు ఆలస్యమైందో, అన్నీ. ఇన్నాళ్ళకి మనిషి నన్ను గమనిస్తున్నాడని లోలోపల మురిసిపోయాను. ఆ మురిపెంలో పొద్దున్నే లేచి ఆయన చొక్కాలు ఇంకొంచెం శ్రద్ధగా ఇస్త్రీ చేశాను కూడా.

ఒక ఉదయం వర్క్‌షాపులో కొత్త బోర్డు తేడాగా కనబడింది. బల్ల మీద పది ట్యాగులు పరిస్తే తెరమీద పదకొండు వస్తున్నాయి. బోర్డు మార్చాను, మళ్ళీ పదకొండు. పక్క బల్ల దగ్గర సోల్డరింగ్ చేసే అక్క లేచొచ్చింది. వయసులో పెద్దది, మాట కటువు, మనసు వెన్న. "దెయ్యం ట్యాగేమోనే! అన్నీ తీసేసి చూడు" అని నవ్వింది. ట్యాగులన్నీ రేకుడబ్బాలో వేసి మూతపెట్టాను. తెరమీద ఒకటి మిగిలింది. యాంటెన్నాని అటూ ఇటూ తిప్పుతూ పోయాను. రోజూ ఇనుప బీరువాలో పెట్టేదాన్ని, ఆరోజు నా కుర్చీకే తగిలించిన నా హ్యాండ్‌బ్యాగు దగ్గర అది గట్టిగా పలికింది.

బ్యాగు బోర్లించాను. దువ్వెన, టిఫిన్ డబ్బా, చేతిరుమాలు, మాత్రలు. ఖాళీ బ్యాగే ఇంకా పలుకుతోంది. లోపలి గుడ్డని వేళ్ళతో తడిమితే అడుగున పల్చగా, బిరుసుగా తగిలింది. కత్తెరతో కుట్టు విప్పాను. నంబరు చూస్తే, నేను ఇంటికి పట్టుకెళ్ళిన ట్యాగుల్లోదే అది.

"ఎవరే పెట్టింది?" అంది అక్క.

"పొరపాటున పడుంటుందిలే అక్కా."

"పొరపాటు తనంతట తాను కుట్లేసుకుని కూర్చోదమ్మాయ్."

ఆ కుట్లు నాకు తెలుసు. సన్నగా, దగ్గరదగ్గరగా, కాస్త ఏటవాలుగా. మా ఆయనకి సూదిలో దారం ఎక్కించడం రాదు.

ఆరోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆయన అడిగినవన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. దానికంటే ముందు వచ్చింది అవమానం. నన్ను కాపలా కాసినందుకు కాదు. దాన్ని ప్రేమనుకుని, ఆబగా చెయ్యి చాచి తీసుకున్నందుకు. మొహం చూస్తే తెలిసిందట.

ఇంటికెళ్ళేసరికి అత్తయ్య కిటికీ దగ్గర కూర్చుని బొత్తాం కుడుతున్నారు. ట్యాగు ఆవిడ ఒళ్ళో పెట్టాను.

"ఇది నా బ్యాగులో మీరే కుట్టారు కదత్తయ్యా?"

ఆవిడ దాచలేదు. "వాడు కుట్టమన్నాడు. కుట్టాను. ఎందుకని అడగలేదమ్మా. వాళ్ళ నాన్ననీ ఎప్పుడూ ఏదీ అడిగి ఎరగను."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

ఆవిడ సూది పక్కనపెట్టి నావైపు చూశారు. "నా శాలువాల్లో కుట్టింది నువ్వే కదా. నిద్రపోయాననుకున్నావ్. నాతో ఒక్క మాట చెప్పావా?"

ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ మంచికే అనుకున్నాను. ఆయన కూడా అదే మాట అంటారు, అదీ ఇలాగే నమ్ముతూ అంటారు. "అన్నీ విప్పేయనా అత్తయ్యా?" అని అడిగాను. ఆవిడ ఒళ్ళో ఉన్న ట్యాగుని వేళ్ళతో తిప్పి చూశారు. "వద్దు. దారి మర్చిపోతున్న మాట నిజమే కదా. బూడిదరంగు శాలువాకి ఉంచు. మిగతావి తీసెయ్. ఇంకో మాట, నేను గుమ్మం దాటినట్టు నీ ఫోనుకే రావాలి. వాడికొద్దు. డిపో నుంచి నన్ను తెచ్చింది నువ్వు." ఇద్దరం కూర్చుని కుట్లు విప్పాం. ఆయన ఫోనుకి ఏ మెసేజూ వెళ్ళకుండా మార్చేశాను.

ఆయన వస్తూనే అడిగారు. "బోర్డు చెడిపోయిందా? నువ్వొచ్చినట్టు మెసేజ్ రా..." అని, నోరు జారిందని తెలిసి ఆగిపోయారు. నేను ట్యాగు చూపించాను. "అనుమానం కాదు. రోజులు బాలేవు. నీ మంచికే" అన్నారు.

"అయితే మీ చొక్కాకీ ఒకటి కుడతాను."

"నాకెందుకు?" అన్నారు వెంటనే, నిజంగానే ఆశ్చర్యపోతూ. "నేనేమన్నా తప్పిపోతానా?"

ఆ ఆశ్చర్యంలో రవ్వంత నటన కూడా లేదు. అందుకే నాకు వాదించాలనిపించలేదు. చెప్పులేసుకుని, బ్యాగూ ఫోనూ బల్లమీదే వదిలేసి బయటికొచ్చాను. వెనక నుంచి ఆయన, "ఎక్కడికి? వంటో?" అంటున్నారు. అత్తయ్య గొంతు వినిపించింది. "వెళ్ళనీరా."

పెద్ద రోడ్డు దాటి, మూసేసిన ఈతకొలను పక్కన పిట్టగోడ మీద కూర్చున్నాను. పిల్లలు బంతి ఆడుతున్నారు. ఎవరూ నన్ను చూడలేదు. మొదట్లో గుండె దడదడలాడింది, దొంగతనం చేసినట్టు. తర్వాత మెల్లగా కుదుటపడింది. వీధి దీపాలు వెలిగేదాకా ఊరికే కూర్చుని లేచాను.

గుమ్మంలోనే నిలబడున్నారు ఆయన. "ఎక్కడికెళ్ళావ్?"

చాలా మామూలు జవాబు అది. చెప్తే ఆయన నవ్వేసి, అంతేనా అని లోపలికి వెళ్ళిపోయేవారు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. దాన్ని నా దగ్గరే ఉంచుకుని, ఆయన్ని దాటుకుని లోపలికి నడిచాను.